స్కాట్లాండ్‌లో ఒక రాత్రి.. ఎవరింట్లో?

కోటలూ కొండలూ సరే, బస ఎక్కడ? ఫొటోలు చూసి గది తీసుకున్నవాళ్ల ప్రయాణం ఒకలా ఉంటుంది, ఇంటివాళ్లను చూసి తీసుకున్నవాళ్ల ప్రయాణం ఇంకోలా ఉంటుంది.

1773 సెప్టెంబరు 1. స్కాట్లాండ్ పశ్చిమ తీరాన గ్లెనెల్గ్ అనే చిన్న ఊరు. సత్రం ముందు ఇద్దరు ప్రయాణికులు గుర్రాలు దిగారు. రోజంతా కొండదారిలో స్వారీ చేసి ఒళ్లు హూనమై ఉన్నారు. తినడానికి ఏముందని అడిగితే సత్రంవాళ్లు ఒక్కొక్కటే లేదంటూ వచ్చారు. మాంసం లేదు, పాలు లేవు, రొట్టె లేదు, గుడ్లు లేవు, వైన్ లేదు. విస్కీ మాత్రం కావాలంటే ఉందన్నారు. పోనీ పడుకుందామని లోపలికెళితే, వాళ్లకు చూపించిన పడక మీంచి ఒళ్లంతా మసి పట్టిన మనిషొకడు దిగ్గున లేచాడు. ఇద్దరిలో పెద్దాయన గడ్డిమోపు తెప్పించి పరిపించుకుని, ఒంటి మీది కోటుతోనే దాని మీద నడుం వాల్చాడు. చిన్నాయన కాస్త సుకుమారుడు. గడ్డి మీద దుప్పట్లు వేయించుకున్నాడు.

పెద్దాయన పేరు శామ్యూల్ జాన్సన్. ఇంగ్లిష్ నిఘంటువుతో పేరు మోసిన పండితుడు, అప్పటికి అరవై మూడేళ్లు. చిన్నాయన ఆయన శిష్యుడూ స్నేహితుడూ అయిన జేమ్స్ బాస్వెల్. అంతకు రెండు వారాల ముందు ఎడిన్‌బరోలో దిగిన చోటా పెద్దాయనకు సుఖం లేదు. నిమ్మరసంలో పంచదార తక్కువైందంటే అక్కడి వెయిటర్ జిడ్డు చేత్తోనే గడ్డ తీసి వేశాడట. జాన్సన్ ఆ నిమ్మరసాన్ని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఈ ముచ్చట్లన్నీ ఆ ఇద్దరూ రాసిన పుస్తకాల్లో ఉన్నాయి. జాన్సన్‌ది 1775లో, బాస్వెల్‌ది 1785లో వచ్చాయి.

గ్లెనెల్గ్ కథలో ఇంకో ముక్క ఉంది. ఎవరో బాటసారులు సత్రంలో ఇబ్బంది పడుతున్నారని తెలిసి, ఆ చుట్టుపక్కల ఉండే ఓ పెద్దమనిషి అడక్కుండానే రమ్మూ పంచదారా పంపించాడు. సత్రం చెడ్డదైనా మనుషులు మంచివాళ్లే. ఇప్పటి స్కాట్లాండ్‌లో ఆ సత్రమూ, ఆ పెద్దమనిషీ ఒకే గుమ్మంలో కనిపించే చోటు గెస్ట్ హౌస్. దొరికితే అదృష్టం. దొరకాలంటే కాస్త కసరత్తు కావాలి.

పన్ను వచ్చె.. నక్షత్రాలు పోయె

డండీలోనో గ్లాస్గోలోనో ఎంఎస్ చదివిన అబ్బాయికి పట్టా ఇస్తున్నారని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు బయల్దేరతారు. అంతదూరం ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి ఓ వారం అటూ ఇటూ తిరిగి వద్దామనుకుంటారు. వీసా ఫారంలో ఎక్కడ ఉంటారో రాయాలి. అక్కణ్నుంచి మొదలవుతుంది బస వేట. స్నాతకోత్సవాలు ఎక్కువగా జూన్, జులైల్లో, మళ్లీ నవంబరు ప్రాంతంలో జరుగుతాయి. ఆ వేసవి రోజులే అక్కడ పర్యాటకులు పోటెత్తే రోజులు కూడా.

2026 వేసవి మరీ గట్టిది. జులై 23 నుంచి ఆగస్టు 2 వరకు గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు. అవి మొదలైన మర్నాడు, అంటే జులై 24 నుంచి ఎడిన్‌బరోలో బస చేసేవాళ్లకు కొత్త పన్ను. గది అద్దెలో 5 శాతం. వంద పౌండ్ల గదికి అయిదు పౌండ్లు. వరసగా ఎన్ని రాత్రులున్నా మొదటి అయిదింటికే లెక్క. హోటలైనా, గెస్ట్ హౌసైనా, హాస్టలైనా తప్పదు. 2024లో స్కాట్లాండ్ పార్లమెంటు చేసిన చట్టంతో స్థానిక కౌన్సిళ్లకు ఈ అధికారం వచ్చింది. గ్లాస్గో కూడా 2027 జనవరి నుంచి ఇదే బాటలో నడవాలని నిర్ణయించింది. బుక్ చేసేటప్పుడు తెర మీద కనిపించే ధరలో ఈ పన్ను కలిసి ఉందో లేదో చూసుకోవాలి. అంతకు మించి దీనికి బెంబేలెత్తాల్సింది లేదు. ఆగస్టులో ఎడిన్‌బరో గదుల అద్దె పెరిగే తీరు ముందు ఈ అయిదు శాతం ఏ మూలకు!

అసలు చిక్కు మరోటి. స్కాట్లాండ్ ప్రభుత్వ పర్యాటక సంస్థ విజిట్‌స్కాట్లాండ్ దశాబ్దాలుగా హోటళ్లకూ గెస్ట్ హౌస్‌లకూ మనుషుల్ని పంపి, పరుపు నొక్కి చూసి, టిఫిన్ తిని చూసి నక్షత్రాలిచ్చేది. గుమ్మం పక్కన నీలం పలక మీద నాలుగు నక్షత్రాలుంటే ధైర్యంగా లోపలికెళ్లేవాళ్లం. ఆ తనిఖీల పథకాన్ని ఆ సంస్థ 2025 మార్చితో ఆపేసింది. పర్యాటక సమాచార కేంద్రాలనూ 2026 మార్చికల్లా మూసేస్తామని 2024లోనే ప్రకటించింది. ఒకప్పుడు ఆ కౌంటర్ల దగ్గరకెళ్లి నిలబడితే, రేపు వెళ్లబోయే ఊళ్లో గది ఖాళీ ఉందేమో వాళ్లే ఫోన్ చేసి కనుక్కుని పెట్టేవాళ్లు. ఇప్పుడా పూచీ మనదే. గోడ మీద పాత పలక కనిపిస్తే మురిసిపోవద్దు, అది ఏ ఏడాదిదో చూడండి.

▣ లైసెన్సు నంబరు ఏం చెబుతుంది?
స్కాట్లాండ్‌లో ఇళ్లలో గదులు అద్దెకిచ్చేవాళ్లంతా, గెస్ట్ హౌస్‌లూ బీ అండ్ బీలతో సహా, స్థానిక కౌన్సిల్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. 2022లో వచ్చిన నిబంధన ఇది. 2025 జనవరి 1 నుంచి అందరికీ తప్పనిసరి. ప్రకటనలో లైసెన్సు నంబరు వేయాలి. గ్యాస్, కరెంటు, అగ్నిప్రమాద జాగ్రత్తలన్నీ సరిగ్గా ఉంటేనే లైసెన్సు ఇస్తారు. ఇంట్లో ఒకేసారి ఎంతమంది అతిథులు ఉండొచ్చో కూడా అందులోనే రాసి ఉంటుంది. నంబరు లేకపోతే ఆ ఇంటి జోలికి పోవద్దు. నంబరు ఉన్నంత మాత్రాన పరుపు మెత్తగా ఉంటుందని అనుకోవద్దు.

ఎవరి మేడలు ఇవి?

మనకు తెలిసిన గెస్ట్ హౌస్ ఆర్ అండ్ బీ వాళ్లది. వాచ్‌మన్ తాళం తీస్తాడు, చెబితే వంటమనిషి కోడికూర వండుతాడు, ఇంటివాళ్లంటూ ఎవరూ ఉండరు. స్కాట్లాండ్‌లో అలా కాదు. కింద అంతస్తులో వెనకవైపు ఓ కుటుంబం కాపురం ఉంటుంది. పైన నాలుగైదు గదుల నుంచి ఓ పది గదుల దాకా అతిథులకిస్తారు. పొద్దున్నే టిఫిన్ ఆ ఇంటివాళ్లే చేసి పెడతారు. మరీ చిన్నదైతే బీ అండ్ బీ అంటారు, కాస్త పెద్దదైతే గెస్ట్ హౌస్.

ఈ ఇళ్లు ఇన్ని ఎలా వచ్చాయన్నది చిత్రమైన కథ. 1810లో వాల్టర్ స్కాట్ ‘ద లేడీ ఆఫ్ ద లేక్’ కావ్యం అచ్చయ్యాక, అందులోని లాక్ కాట్రిన్ సరస్సు చూడ్డానికి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. 1846లో థామస్ కుక్ ఇంగ్లండ్ నుంచి యాత్రికుల్ని గుంపుగా వెంటబెట్టుకొచ్చాడు. 1852లో విక్టోరియా రాణి కుటుంబం బాల్మోరల్ ఎస్టేటు కొన్నాక హైలాండ్స్‌కు వెళ్లడమన్నది హోదా అయిపోయింది. రైళ్లొచ్చాయి. ఎడిన్‌బరో న్యూయింగ్టన్ ప్రాంతంలో, ఇన్వర్‌నెస్‌లో, ఓబన్‌లో డబ్బున్నవాళ్లు పెద్దపెద్ద రాతి మేడలు కట్టుకున్నారు. తర్వాతి తరాల్లో పనివాళ్లు పోయారు, కుటుంబాలు చిన్నవయ్యాయి, అంత ఇంటిని వెచ్చబెట్టే ఖర్చు పెరిగింది. మిగిలిన దారి గదులు అద్దెకివ్వడమే.

గ్లాస్గో కార్మికులది ఇంకో పాయ. జులైలో ఫ్యాక్టరీలకు సెలవులిస్తే కుటుంబాలకు కుటుంబాలు స్టీమరెక్కి క్లైడ్ నది దిగువన రోత్సే లాంటి సముద్రతీర ఊళ్లకు పోయేవి. అక్కడ గదులిచ్చే ఇంటావిడల పెత్తనం మీద ఎన్ని జోకులో! స్పెయిన్‌కు చవక విమానాలొచ్చాక ఆ సందడి తగ్గింది. కానీ ఇల్లు తెరిచి కొత్తవాళ్లకు టిఫిన్ పెట్టే అలవాటు మాత్రం దేశమంతటా మిగిలిపోయింది.

ఊరు కాదు, వీధి చూడండి

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘ఎడిన్‌బరో కోటకు దగ్గర’ అని చూసి పాతబస్తీలో గది తీసుకుంటారు. అక్కడంతా రాళ్లు పరిచిన ఎత్తుపల్లాలు, సందుల్లో మెట్లు. చక్రాల సూట్‌కేసు ఏడిపిస్తుంది. రాత్రి పబ్బుల గోల సరేసరి. ఎడిన్‌బరోలో గెస్ట్ హౌస్‌ల అసలు స్థావరం మింటో స్ట్రీట్, మేఫీల్డ్ వైపు. నగరం నడిబొడ్డు నుంచి బస్సులో కాసేపే. ఇంకో మంచి వీధి పిల్‌రిగ్ స్ట్రీట్. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే ట్రామ్ 2023 నుంచి లీత్ వాక్ మీదుగా న్యూహేవెన్ దాకా వెళ్తోంది కాబట్టి, ఎయిర్‌పోర్టులో ఎక్కితే మారకుండా ఆ వీధి మొదట్లో దిగొచ్చు. పెద్దవాళ్లతో, పెట్టెలతో వెళ్లేవాళ్లకు ఇది వరం.

ఫోర్ట్ విలియంలో అకింటోర్ రోడ్డు పొడుగునా గెస్ట్ హౌస్‌లే. ఎదురుగా లాక్ లినీ నీళ్లు, అవతల కొండలు. ఫొటోలో స్వర్గం. కాకపోతే ఆ రోడ్డు ఏ82 హైవే, లారీలు పోతూనే ఉంటాయి. చివరి ఇళ్ల నుంచి రైల్వేస్టేషన్‌కు నడకంటే వానలో పెట్టెతో చాలా దూరం. కారుంటే సరే, లేకపోతే ఊరికి దగ్గరి కొస చూసుకోండి. ఇన్వర్‌నెస్‌లో నెస్ నది ఒడ్డునున్న నెస్ బ్యాంక్ వీధి హాయిగా ఉంటుంది. అక్కణ్నుంచి ఊళ్లోకి నడిచి వెళ్లొచ్చు. ఓబన్‌లో కొర్రన్ ఎస్ప్లనేడ్ మీది ఇళ్లు పడమటి సముద్రానికి ఎదురుగా ఉంటాయి, వేసవిలో రాత్రి పదింటి సూర్యాస్తమయం గదిలోంచే కనిపిస్తుంది. గ్లాస్గో గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అక్కడ గెస్ట్ హౌస్ కన్నా మామూలు హోటలే నయం.

స్కై దీవి సంగతి వేరు. 1995లో వంతెన కట్టాక, 2004లో దాని టోల్ ఎత్తేశాక కార్లకు అడ్డు లేకుండా పోయింది. సినిమాలూ ఇన్‌స్టాగ్రామూ తోడయ్యాయి. 2017 వేసవిలో అయితే గది బుక్ చేసుకోకుండా రావద్దని పర్యాటకుల్ని హెచ్చరించే దాకా వచ్చింది. దీవి పెద్ద ఊరు పోర్ట్రీ. అక్కడ గది దొరక్కపోతే బ్రాడ్‌ఫోర్డ్ చూడండి, వంతెన అవతల కైల్ చూడండి. ఉత్తర కొసన చుట్టి వచ్చే 516 మైళ్ల ఎన్‌సీ500 మార్గానికి 2015 నుంచి ప్రచారం హోరెత్తింది గానీ, ఆ దారిలో ఊళ్లు తక్కువ, గదులు ఇంకా తక్కువ.

ఒక్కో రాత్రి ఒక్కో ఊరు పెట్టుకోకండి. ఎడిన్‌బరో నుంచి పోర్ట్రీకి కారులో ఐదారు గంటలు పడుతుంది. దీవిలో ప్రధాన రోడ్డు వదిలితే ఒకే కారు పట్టే రోడ్లుంటాయి, ఎదురు బండి వస్తే పక్కకు ఆగి దారివ్వాలి. అలిసిపోయి వెళ్లి, తెల్లారి పెట్టె సర్దుకుని, మళ్లీ రోడ్డెక్కడం యాత్ర కాదు, డ్యూటీ. పైగా సీజన్లో చాలా ఇళ్లు రెండు రాత్రులకు తక్కువైతే గదివ్వవు. వాళ్ల షరతు మనకే మేలు.

▣ అందమైన ఫొటో.. కుట్టే పురుగు
సరస్సు గట్టున, చెట్ల నీడన, గాలి కదలని మూల ఉన్న ఇల్లు ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. మిడ్జ్ అనే చిన్న పురుగుకూ సరిగ్గా అలాంటి చోటే ఇష్టం. మన దోమలో పిసరంత కూడా ఉండదు, వందల్లో వచ్చి ముసురుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా హైలాండ్స్ పశ్చిమాన దీని రాజ్యం. జూన్, జులై, ఆగస్టుల్లో మరీ ఎక్కువ. ఓ మోస్తరు గాలి వీస్తే ఎగరలేదు. కాబట్టి సముద్రపు గాలి తగిలే ఇల్లు చూసుకుంటే సగం బాధ తప్పినట్టే. జూన్‌లో రాత్రి పది దాటాక పొద్దుగూకి, తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుగొస్తుంది. మందపాటి కర్టెన్లున్నాయా అని కూడా అడగండి. డిసెంబరులో వెళ్తే ఆ ప్రశ్న అక్కర్లేదు, మూడున్నర దాటాక చీకటే.

మోకాళ్లు, మగ్గు, కుక్కరు

ఈ మూడింటి గురించీ ప్రయాణ పుస్తకాలు చెప్పవు. చెప్పుకోవాల్సినవి మాత్రం ఇవే.

విక్టోరియా కాలం మేడలకు లిఫ్టులుండవు. చాలా కట్టడాలు వారసత్వ జాబితాలో ఉండటం వల్ల పెట్టుకుందామన్నా అంత తేలిగ్గా అనుమతి రాదు. మెట్లు నిటారుగా, మలుపులు తిరిగి ఉంటాయి. చవగ్గా కనిపించే గది తరచూ అటక కింద ఉంటుంది. లేస్తే వాలు కప్పు తలకు తగులుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తు గది కావాలని ముందే రాయండి. ఉంటే ఇస్తారు, లేకపోతే లేదని చెప్పేస్తారు. రోడ్డువైపు గది వద్దని కూడా అప్పుడే చెప్పొచ్చు. ఆ పాత కిటికీలకు అద్దం ఒకే పొర, బస్సుల చప్పుడు ఆపలేవు.

బాత్రూమ్ దగ్గర మూడు రకాలు. ఎన్‌స్వీట్ అంటే గదిలోనే ఉంటుంది. ప్రైవేట్ బాత్రూమ్ అంటే మనకే ప్రత్యేకం, కానీ వరండా అవతల ఉండొచ్చు. అర్ధరాత్రి తువ్వాలు చుట్టుకుని పరాయివాళ్ల ఎదుట పడే యోగం ఉంటుందన్నమాట. షేర్డ్ అంటే తెలిసిందే. మూడింట్లోనూ మగ్గుండదు, బకెట్టుండదు, కమోడ్ పక్కన నీళ్ల గొట్టమూ ఉండదు. మడత మగ్గొకటి పెట్టెలో పడేసుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. ఆ బాత్రూముల నేలకు నీళ్లు పోయే తూము ఉండదు, కింద ఉన్నది చెక్క. మనింట్లోలాగా చెంబులతో గుమ్మరిస్తే ఆ నీళ్లు కింది గది కప్పులోంచి కారతాయి. స్నానం తొట్టిలో నిలబడి, తెర లోపలికి వేసుకునే చేయాలి.

ఇక కుక్కరు. చారూ అన్నం లేకపోతే నాన్నగారికి రోజు గడవదు. నిజమే. అయితే గెస్ట్ హౌస్ గదిలో రైస్ కుక్కర్ పెట్టి తాలింపు వేయాలనుకోవద్దు. ఒక చోట పొగ తగిలితే ఇంట్లో అలారాలన్నీ ఒక్కసారిగా మోగేలా కలిపి ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి అతిథులంతా నైట్ డ్రెస్సుల్లో వానలోకి రావాల్సొస్తుంది. వండుకునే తీరాలంటే గెస్ట్ హౌస్ మనకు తగింది కాదు. వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోండి. లేదా 1931 నుంచీ నడుస్తున్న స్కాట్లాండ్ యూత్ హాస్టళ్లు చూడండి. అందరూ వాడుకునే వంటగదులుంటాయి, కుటుంబాలకు విడి గదులూ ఇస్తారు, వయసుతో పనిలేదు.

నలుగురం ఒకే గదిలో సర్దుకుంటామంటే కూడా కుదరదు. అది యజమాని మొండితనం కాదు, లైసెన్సులో రాసిన లెక్క. కొన్ని ఇళ్లలో చిన్నపిల్లల్నే రానివ్వరు. ఆ ముక్క ప్రకటన అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది.

పొద్దున ఎనిమిదింటి బల్ల

గెస్ట్ హౌస్ మంచిచెడ్డలు తేలేది టిఫిన్ బల్ల దగ్గరే. రాత్రే ఓ కాగితం ఇస్తారు, ఏమేం కావాలో టిక్కులు పెట్టి ఇవ్వాలి. తెల్లారేసరికి పెద్ద పళ్లెం వస్తుంది. గుడ్డు, బేకన్, సాసేజ్, బీన్స్, పుట్టగొడుగులు, కాల్చిన టమాటా, టాటీ స్కోన్. పక్కన టోస్టూ మార్మలేడూ, కెటిల్ నిండా టీ. ఈ పళ్లెం ఖాళీ చేస్తే మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి ఊసుండదు. భోజనం ఖర్చు ఒక పూట మిగిలినట్టే. అందుకే టిఫిన్‌తో కలిపి చెప్పే ధర, టిఫిన్ లేని హోటల్ ధర కన్నా ఎక్కువగా కనిపించినా లెక్క తేలేటప్పటికి తక్కువే.

▣ పళ్లెంలో ఏముంది?
బ్లాక్ పుడ్డింగ్: రక్తం, కొవ్వు, ఓట్స్ కలిపి చేసేది. పంది లేదా పశువు రక్తం. స్టోర్నవే పట్టణం పేరు మీద అమ్మేదానికి 2013 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. లోర్న్ సాసేజ్: పలకలా కోసిన చదరపు సాసేజ్, ఇందులో ఎక్కువగా గొడ్డుమాంసమే ఉంటుంది. హ్యాగిస్: గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్, ఉల్లి, మిరియాలు. బోటి కూర ఇష్టపడేవాళ్లు జంకాల్సిన పనిలేదు. టాటీ స్కోన్: బంగాళదుంప రొట్టె, మామూలుగా శాకాహారమే. పారిజ్: ఓట్స్ జావ. పాతకాలంవాళ్లు నీళ్లతో కాచి ఉప్పే వేసుకుంటారు, పంచదార అడిగితే నవ్వుతూ ఇస్తారు. శాకాహార హ్యాగిస్ కూడా ఉంది. ఎడిన్‌బరోకు చెందిన మక్‌స్వీన్ సంస్థ 1984లో తయారుచేసింది.

శాకాహారం అని రాసి ఊరుకోవద్దు. గుడ్డు తింటారా లేదా, వేయించే పెనం వేరుగా ఉండాలా అన్నది విడమరిచి చెప్పండి. పొద్దున ఆరింటి రైలుంటే ముందురోజే చెబితే శాండ్‌విచ్ పొట్లం కట్టి ఉంచుతారు. రాత్రి భోజనం మాత్రం సాధారణంగా ఉండదు. హైలాండ్స్ ఊళ్లలో హోటల్ వంటగదులు ఎనిమిదిన్నరకల్లా మూసేస్తారు. మన ఊళ్లో అప్పుడే కూర తాలింపు మొదలయ్యే వేళ అది. తొమ్మిదింటికి ఊళ్లోకి దిగితే చిప్స్ ప్యాకెట్టే గతి.

ఒక ఈమెయిల్ రాసి చూడండి

రివ్యూలు చదవొద్దని ఎవరూ అనరు. చదివే పద్ధతి మార్చుకోవాలి. ‘అద్భుతం’, ‘ఘోరం’ అన్నవి రెండూ పక్కన పెట్టి మధ్యస్థంగా మార్కులేసినవాళ్లవి చదవండి. వేడినీళ్లు, దిండ్లు, మెట్లు, పార్కింగ్, చప్పుడు లాంటి వివరాలుండేది వాళ్ల మాటల్లోనే. తేదీలు చూడండి. ఈ ఇళ్లు చేతులు మారుతూ ఉంటాయి. పాత యజమానురాలి చేతివంటకు పడిన పొగడ్తలు కొత్త యజమాని ఖాతాలో అలాగే వేలాడుతుంటాయి. ఫిర్యాదుకు యజమాని ఇచ్చిన జవాబు మరీ ముఖ్యం. ‘క్షమించండి, కొళాయి మార్పించాం’ అన్న మనిషి ఒక రకం. అతిథి మీద విరుచుకుపడ్డ మనిషి ఇంకో రకం. ఆ రెండో ఇంటికి ఎన్ని నక్షత్రాలున్నా నేనైతే వెళ్లను.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు మనవాళ్లు. ఇక్కడ తిరగేయాలి. రెండు మూడు ఇళ్లు ఎంచుకున్నాక, సొమ్ము కట్టకముందే ప్రతి ఇంటికీ ఓ చిన్న ఈమెయిల్ రాయండి. ఫలానా రోజు, ఇంతమందిమి, మాలో ఒకరు మెట్లెక్కలేరు, ఇద్దరు మాంసం తినరు, సాయంత్రం ఏడింటికి చేరతాం, కారు లేదు. ఈ ఆరు ముక్కలు చాలు. మంచి ఇంటివాళ్ల జవాబు ఎలా ఉంటుందంటే, మీరు అడగని సంగతి కూడా అందులో ఒకటుంటుంది. ఏ బస్సెక్కాలో, ఏ స్టాపులో దిగాలో, ఆదివారం అయితే ఏ హోటల్ తెరిచి ఉంటుందో. అచ్చేసిన జవాబు వస్తే, లేక జవాబే రాకపోతే, మీకు దొరకాల్సిన సమాచారం దొరికినట్టే. ‘మాది రెండో అంతస్తు, మీ అమ్మగారికి కష్టం, ఫలానా వాళ్లను అడగండి’ అని రాసిన ఇంటిని మాత్రం గుర్తుపెట్టుకోండి. మరోసారికి పనికొస్తుంది.

నేరుగా రాయడంలో ఇంకో లాభం. బుకింగ్ వెబ్‌సైట్లు యజమాని దగ్గర సుమారు 15 శాతం కమిషన్ తీసుకుంటాయి. నేరుగా వచ్చిన అతిథికి ధర తగ్గించకపోయినా, ఉన్నవాటిలో మంచి గది ఇవ్వడానికి వాళ్లకు చేయాడుతుంది.

గుమ్మం అవతలి మనిషి

ఈ వ్యాపారం బయటికి కనిపించినంత తీరిగ్గా ఉండదు. పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగించాలి. పదింటికి గదులు ఖాళీ అయితే దుప్పట్లు తీసి, ఉతికి, ఆరేసి, బాత్రూములు కడిగి, సరుకులు తెచ్చి, నాలుగింటికల్లా నవ్వుమొహంతో తలుపు తీయాలి. ఆలస్యంగా వచ్చే అతిథి కోసం రాత్రి పది దాకా కూర్చోవాలి. చాలా ఇళ్లలో పనంతా భార్యాభర్తలదే. నగరంలో ఉద్యోగాలు వదిలి, ఉన్నదంతా పెట్టి హైలాండ్స్‌లో మేడ కొనుక్కున్న జంటలు ఎందరో. బ్రెగ్జిట్ తర్వాత యూరప్ నుంచి పనికి వచ్చేవాళ్లు తగ్గారు. కరెంటు, గ్యాస్ బిల్లులు పెరిగాయి. లైసెన్సు ఖర్చు మీద సణుగుడు ఉంది. ఎదటి పక్షానిదీ న్యాయమే. ఇళ్లన్నీ పర్యాటకులకే పోతే ఊళ్లో టీచరుకూ నర్సుకూ అద్దెకు ఇల్లెక్కడ? 2022లో ఎడిన్‌బరో నగరం మొత్తాన్నీ స్వల్పకాలిక అద్దెల నియంత్రణ ప్రాంతంగా ప్రకటించింది అందుకే.

ఈ ఒత్తిళ్లతో వయసు మళ్లిన యజమానులు ఇళ్లు అమ్ముకుంటున్నారు. నడుపుతున్నవాళ్లలో కొందరు తలుపు పక్కన అంకెల తాళంపెట్టె బిగించి, టిఫిన్ బదులు గదిలో పెరుగు కప్పూ బిస్కెట్ ప్యాకెట్టూ పెట్టి, మొహం చూపించకుండానే పని కానిచ్చేస్తున్నారు. అర్ధరాత్రి చేరేవాళ్లకు ఆ ఏర్పాటు బాగానే ఉంటుంది. స్కాట్లాండ్ మనుషుల్ని చూద్దామని వెళ్లేవాళ్లు దానికి డబ్బు తగలేయడం దండగ.

ఎప్పుడు వెళ్లాలంటే మే, లేదంటే సెప్టెంబరు. ఆగస్టులో ఎడిన్‌బరో వద్దు. 1947 నుంచీ ఆ నెల ఉత్సవాలదే, అవి చూడాలనుంటే తప్ప మామూలు యాత్రికుడికి అక్కడ పనిలేదు. స్కైకి వేసవిలో వెళ్లాలంటే ఆర్నెల్ల ముందు గది చూసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా హైలాండ్స్‌లో చాలా గెస్ట్ హౌస్‌లు మూసే ఉంటాయి, ఇంటివాళ్లు సెలవు తీసుకునేది అప్పుడే.

చివరగా ఓ మాట. వీసా కోసమని నాలుగైదు ఇళ్లలో గదులు పట్టి ఉంచి, ప్రయాణం మారాక రద్దు చేయడం మరిచిపోయేవాళ్లు మనలో తక్కువేమీ లేరు. పెద్ద హోటల్‌కు అది లెక్కలోకి రాదు. అయిదు గదుల ఇంట్లో ఒక గది ఊరకే ఖాళీగా ఉండిపోతే ఆ రాత్రి రాబడిలో అయిదో వంతు పోయినట్టు. రావడం లేదని తెలిసిన రోజే ఒక్క వాక్యం రాసి పంపండి.